మామిడి మండీలో బీటు పోలీసు

జూన్‌లో శ్రీనివాసపురం పోలీసుల పని చూడాలంటే స్టేషన్‌కన్నా ముందు మామిడి మండీకి వెళ్లాలి. తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కర్ణాటకలోని కోలారు జిల్లాలో మామిడికి పేరుపడ్డ తాలూకా ఇది, పక్కనే ఆంధ్ర సరిహద్దు. ఊళ్లలో మాట చాలావరకు తెలుగు, స్టేషన్ రికార్డు కన్నడం.

నేను వెళ్లేసరికి గేటు దగ్గర ఒక బీటు కానిస్టేబుల్ రైతును పలకరిస్తున్నారు.

"ఏమన్నా, కాపు ఎట్లుండాది?"

"కాపుండాది గానీ రేటే లేదు సార్."

ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, రాత్రిపూట తోటల వైపు తిరుగుతున్న కొత్త బండి సంగతి రైతు చెప్పాడు.

ఇలాంటి పరిచయం విలువ గొడవల రోజున తెలుస్తుంది. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని రానివ్వలేదు. అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలనే నమ్ముకున్న ఇక్కడి రైతులు రోడ్డెక్కారు. అప్పుడు ఎదురుగా నిలబడ్డ పోలీసు తెలిసిన మనిషైతే మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది.

పోలీసుల మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2000 మార్చి 11న, అప్పటి కోలారు జిల్లా చింతామణి తాలూకాలోని కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా తగలబెట్టారు. సాక్షులు మాట మార్చారు. 2006లో నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డారు.

1861 నాటి పోలీసు చట్టం కానిస్టేబుల్‌కు పై అధికారికి జవాబు చెప్పడం నేర్పింది, ఊరికి జవాబు చెప్పడం నేర్పలేదు. ఆ అలవాటు ఇంకా పోలేదు. దాన్ని మార్చేందుకే 2017లో కర్ణాటక పోలీసు శాఖ బీటు పద్ధతిని సంస్కరించింది: ఒక్కో బీటుకు ఒక్కో కానిస్టేబుల్ బాధ్యుడు, ఆయనకు తోడుగా పౌరుల కమిటీ. 2025లో పోలీసులే ఇంటింటికీ వెళ్లే 'మనె మనెగె పోలీస్' మొదలైంది.

అయితే బందోబస్తు పడితే ముందుగా ఖాళీ అయ్యేది బీటే. పరిచయాలు కుదిరేసరికి బదిలీ వస్తుంది. రేపటి పోలీసింగ్ అంటే కెమెరాలు, ఈ-బీట్ యాప్‌లు అంటున్నారు. కానిస్టేబుల్ ఊరికి వచ్చాడని యాప్ చెబుతుంది, ఎవరి గోడు విన్నాడో చెప్పదు.

ఒకే బీటులో కనీసం మూడు మామిడి సీజన్లు ఉంచితే కానిస్టేబుల్‌కు ఊరు తెలుస్తుంది. బీటు కమిటీలో మండీ పెద్దలతో పాటు దళితవాడ ఆడవాళ్లకు, తోట కూలీలకు చోటు కల్పించాలి. వాళ్లు చెప్పింది స్టేషన్ రికార్డుకు ఎక్కాలి.