మోల్ నది వెంట, కాటన్ దొర సమాధి మీదుగా

లండన్‌కి దక్షిణాన పారే చిన్న నది మోల్. మొత్తం పొడవు 80 కిలోమీటర్లకి అటూ ఇటూ. హార్షమ్ పట్టణానికి దగ్గర్లో రస్పర్ అనే పల్లె ఉంది. ఆ చుట్టుపక్కల బంకమట్టి నేలల్లో పుట్టిన వాగులు కలిసి నది అవుతాయి. కాస్త దూరం పోగానే గాట్విక్ విమానాశ్రయం అడ్డొస్తుంది. రన్‌వే కిందుగా కట్టిన తూములోంచి దూరి అవతలికి వస్తుంది నది. అక్కణ్నుంచి పచ్చిక బీళ్ల మధ్య వంకర్లు తిరిగి, సుద్దరాయి కొండల్ని కోసుకుంటూ ఉత్తరానికి పోయి, హాంప్టన్ కోర్ట్ రాజభవనానికి ఎదురుగా థేమ్స్‌లో కలుస్తుంది. గోదావరి డెల్టాలో ప్రధాన కాలువల పక్కన పెడితే ఇదేం పెద్ద నది కాదు. అయినా దీని వెంట నడవడానికి తెలుగువాళ్లకి గట్టి కారణమే ఉంది. గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు గడిపింది ఈ ఒడ్డున ఉన్న డోర్కింగ్ పట్టణంలోనే. ఆయన సమాధి ఉన్నదీ అక్కడే.

డోర్కింగ్‌కి నేరుగా రైలెక్కి వెళ్లిపోవచ్చు. నాకు మాత్రం నదితో పాటు ఊరూరా ఆగుతూ వెళ్లడమే ఇష్టం. ఇక్కడి పల్లెల్లో పాత శ్మశానం ఊరి బయట ఉండదు. ఊరి మధ్యలో చర్చి, చర్చి చుట్టూ సమాధులు. జనం తరతరాలుగా నడిచిన కాలిబాటలకి ఇంగ్లండ్‌లో చట్టం అండ ఉంది. వాటిని ఎవరూ ఇష్టమొచ్చినట్టు మూసేయడానికి వీల్లేదు. అలాంటి బాటలు చాలాచోట్ల సమాధుల మధ్యలోంచే పోతాయి. బడికెళ్లే పిల్లలు, కుక్కని తిప్పేవాళ్లు, పాల ప్యాకెట్టు కోసం బయల్దేరిన ముసలాయన, అందరిదీ అదే దారి. మన ఊళ్లలో శ్మశానం పొలిమేర అవతల, ఏటి ఒడ్డునో కాలువ గట్టునో ఉంటుంది. కర్మ ఉంటేనే అటు వెళ్తాం, రాగానే స్నానం చేస్తాం. ఇక్కడ అలా కాదు. నలుగురు నడిచే దారిలో ఉన్న రాయిని ఎవరో ఒకరు చదువుతారు. చదివిన రాయి ఒరిగిపోతే ఎవరో ఒకరు చర్చి పెద్దలకి చెబుతారు. ఈ నది పొడుగునా పాత రాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయంటే దానికి మూలం ఈ నడకే అని నా నమ్మకం.

విమానాల మోత ఇంకా చెవుల్లో ఉండగానే చార్ల్‌వుడ్ వస్తుంది. నదికి కాస్త పక్కగా ఉన్న పల్లె ఇది. ఇక్కడి సెయింట్ నికొలస్ చర్చి గోడమీద మధ్యయుగాల నాటి బొమ్మలున్నాయి. ఒకప్పుడు సున్నం పూసి కప్పేసిన ఈ బొమ్మలు 19వ శతాబ్దంలో బయటపడ్డాయి. వేటకి బయల్దేరిన ముగ్గురు రాజులకి ముగ్గురు చచ్చినవాళ్లు ఎదురుపడే కథ అందులో ఒకటి. ఒకనాడు మేమూ మీలాగే ఉన్నాం, రేపు మీరూ మాలాగే అవుతారు అన్నది ఆ అస్థిపంజరాలు చెప్పే మాట. చదువురాని రైతుకి కూడా అర్థమయ్యేలా గోడమీద గీయించారు. గుర్రాల గీతలు చెదిరిపోయి, గేరుమట్టి ఎరుపు మాత్రం మిగిలింది. బయట ఆవరణలో యూ చెట్లు. ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు ఇది, వందల ఏళ్లు బతుకుతుంది, ఆకూ గింజా విషం. ఇంగ్లండ్ పల్లె చర్చికి ఈ చెట్టు లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

హోర్లీ దాటి బెచ్‌వర్త్ చేరాక నది నిదానిస్తుంది. బెచ్‌వర్త్ చర్చిని సినిమా చూసేవాళ్లు గుర్తుపడతారు. 1994లో వచ్చిన ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్’లో మొదటి పెళ్లి ఇక్కడ తీశారు. నాకు నచ్చింది ఇక్కడి సమాధుల నేల. ఇలాంటి పాత ఆవరణల్లో నేల, చుట్టూ ఉన్న బాటకంటే ఎత్తుగా ఉండటం గమనించవచ్చు. వందల ఏళ్లుగా అదే నేలలో, ఒకరి పైన ఒకరిని పూడ్చుకుంటూ వచ్చారు మరి. సామాన్యుడికి రాయి పెట్టే ఆచారం 17వ శతాబ్దం తర్వాతే పెరిగింది. అంతకుముందు పోయినవాళ్లంతా పేరు లేకుండా ఆ గడ్డి కిందే ఉన్నారు. కనిపించే రాళ్లకంటే కనిపించని మనుషులే చాలా ఎక్కువ.

రాయి చదవడానికి సాయంత్రం పూట వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు, అప్పటిదాకా నున్నగా కనిపించిన రాతిమీద అక్షరాల లోతుల్లో నీడ నిండి పేరు పైకి తేలుతుంది. పుర్రె కింద రెండు ఎముకలు, ఇసుక గడియారం, రెక్కల పసిముఖం, ఇవి 18వ శతాబ్దపు శిల్పులు మళ్లీ మళ్లీ చెక్కిన గుర్తులు. వాటిమీద బూడిదరంగు, పసుపు, నారింజ రంగుల్లో గుండ్రటి మచ్చలు ఉంటాయి. మసాలాలో వేసుకునే రాతిపువ్వు లాంటి జాతే ఇవీ. కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయంత మచ్చ కనిపించిందంటే ఆ రాయిని చాలాకాలంగా ఎవరూ గీకలేదన్నమాట. అక్షరాలు కనిపించాలని ఇనుప బ్రష్‌తో రుద్దడం, యాసిడ్ పోయడం రాయిని చంపడమే.

డోర్కింగ్‌లో ఊరి మధ్య సెయింట్ మార్టిన్స్ చర్చి శిఖరం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. కాటన్ సమాధి మాత్రం చర్చి ఆవరణలో లేదు. దానికో కారణముంది. 19వ శతాబ్దం సగానికొచ్చేసరికి పట్టణాల్లో చర్చి ఆవరణలు నిండి పొంగాయి. 1848, 49ల్లో కలరా వచ్చి మరీ దారుణమైంది. దాంతో పార్లమెంటు 1852, 53ల్లో చట్టాలు చేసి పట్టణాల్లో పాత ఆవరణలు మూయించింది. ఊరి అంచున కొత్త శ్మశానాలు కట్టుకోమంది. అలా 1855లో తెరిచిందే డోర్కింగ్ శ్మశానం. రైగేట్ వెళ్లే రోడ్డు పక్కన వాలు నేలలో, చెట్లతో తోటలా ఉంటుంది. ప్రభుత్వ చర్చికి చెందినవాళ్లకి ఒక సగం, ఇతర క్రైస్తవ శాఖలవాళ్లకి ఇంకో సగం, రెండింటికీ వేర్వేరు ప్రార్థనామందిరాలు. చావులోనూ గీత గీసుకోవడం మనకే పరిమితం కాదు.

కాటన్ 1803 మే 15న పుట్టి, 1899 జులై 24న పోయారు. తొంభై ఆరేళ్ల బతుకు. చిన్నవయసులోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి మన దేశానికి వచ్చారు. గోదావరి జిల్లా అప్పటికి డొక్కల కరువు చూసింది. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన చూసింది. నది నిండుగా పారుతూ సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు ముక్కలుగా నదికి అడ్డుకట్ట వేశారు. ఈస్టిండియా కంపెనీవాళ్లు డబ్బిచ్చింది శిస్తు పెరుగుతుందనే. దాన్ని దాచిపెట్టక్కర్లేదు. కానీ కాటన్ రాసిన కాగితాల్లో శిస్తు లెక్కలతో పాటు కరువులో పోయినవాళ్ల లెక్కా ఉంది. పదవి దిగాక కూడా ఊరుకోలేదు. భారతదేశానికి రైళ్లకంటే ముందు కాలువలు కావాలని వాదించి లండన్‌లో పెద్దలకి విసుగు తెప్పించారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి అదే మాట చెప్పారు. డోర్కింగ్‌లో ముసలితనంలోనూ నేలని లోతుగా తవ్వి పంట పెంచే ప్రయోగాలు చేస్తూ గడిపారు. ఆయన కూతురు లేడీ హోప్ 1900లో తండ్రి జీవితచరిత్ర అచ్చువేసింది.

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లలో ఆయన విగ్రహం ఉంటుంది. మే 15న దండలు వేస్తారు. రేవులో సంకల్పం చెప్పేటప్పుడు ఆయన్ని భగీరథుడితో పోల్చే శ్లోకం చదివే పురోహితులున్నారు. పితృదేవతలతో పాటు ఆయనకీ తర్పణం విడిచేవాళ్లున్నారు. ఇక్కడ ఆ హడావిడి ఏమీ లేదు. అటూ ఇటూ డోర్కింగ్ వ్యాపారులు, డాక్టర్లు, గృహిణులు, మధ్యలో ఆయన. పక్క సమాధికి పూలు తెచ్చిన స్థానికుల్లో చాలామందికి ఆయన ఎవరో తెలియకపోవచ్చు. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ కూడా ఈ శ్మశానంలోనే ఉన్నాడు. 1909లో ఆయన పోయినప్పుడు వెస్ట్‌మినిస్టర్ అబీలో చోటివ్వలేదు. చితాభస్మం తెచ్చి భార్య పక్కన ఉంచారు.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చేది వీణెం వీరన్న. ఆనకట్ట పనిలో కాటన్‌కి కుడిభుజంగా ఉండి, కూలీలను కూడగట్టి పని నడిపించిన తెలుగు మనిషి. 1867లో పోయారు. దహనం చేసే ఆచారం కాబట్టి ఆయనకి ఇలాంటి రాయి ఉండదు. రాళ్లు మోసిన వేలమంది కూలీలకైతే పేరు కూడా మిగల్లేదు. డోర్కింగ్ వెళ్లే తెలుగువాళ్లు పూలు పెట్టేటప్పుడు వీరన్న పేరు కూడా ఒకసారి పైకి అనాలని నా కోరిక.

పట్టణం దాటగానే నది బాక్స్ హిల్ కిందికి చేరుతుంది. నది దాటడానికి వరసగా రాతి దిమ్మెలున్నాయి. యుద్ధకాలంలో శత్రువు దాటకుండా వీటిని తీసేశారు. 1946లో మళ్లీ వేశాక ప్రధాని అట్లీ వచ్చి ప్రారంభించారు. కొండమీద చెట్ల మధ్య మేజర్ పీటర్ లబిల్లియేర్ పేరుతో ఒక రాయి ఉంది. 1800లో, ఆయన కోరిక ప్రకారమే, తలకిందులుగా పూడ్చారు. ప్రపంచం తలకిందులుగా ఉంది, తీర్పు రోజున అది తిరగబడ్డప్పుడు నేను నిటారుగా ఉంటానన్నది ఆయన లెక్క.

ఈ కొండ దాటాక నేలంతా సుద్దరాయి. నీళ్లు అడుగున ఉన్న బిలాల్లోకి ఇంకిపోతాయి. బాగా ఎండలు కాసిన ఏళ్లలో నది ఇక్కడ మాయమై, లెదర్‌హెడ్ దగ్గర మళ్లీ పైకి వస్తుంది. ఆ మధ్యలో ఉన్న మికిల్‌హామ్ నాకు మొత్తం దారిలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు. సెయింట్ మైకేల్ చర్చి నార్మన్ కాలం నాటిది. 1793లో రచయిత్రి ఫానీ బర్నీ, ఫ్రెంచి విప్లవం నుంచి పారిపోయి వచ్చిన దార్బ్లేని ఇక్కడే పెళ్లాడింది. ఈ సర్రే ప్రాంతంలో మంచి కట్టుడు రాయి తక్కువ. అందుకని పేదా మధ్యతరగతీ కొయ్యతో సమాధి గుర్తులు పెట్టుకున్నారు. రెండు గుంజలు, వాటి మధ్య అడ్డంగా ఒక పలక, పలక మీద పేరు. కొయ్య వానకి ఎన్నాళ్లు నిలుస్తుంది? చాలాచోట్ల పుచ్చి పోయాయి. మికిల్‌హామ్‌లో మాత్రం ఇంకా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే మెత్తటి కలప పొర అరిగిపోయి గట్టి చారలు మాత్రం గట్లలా నిలబడి ఉంటాయి. అక్షరాల్లో సగం ఆ చారల మధ్య పోయి ఉంటాయి. అదే ఆవరణలో కెనడా ప్రధానిగా చేసిన ఆర్.బి. బెన్నెట్ సమాధి ఉంది. పెద్ద మాంద్యం రోజుల్లో పెట్రోలు కొనలేని కెనడా రైతులు కార్లకి గుర్రాలు కట్టి ‘బెన్నెట్ బగ్గీ’ అని తిట్టుకుంటూ నడిపారు. ఎన్నికల్లో ఓడిపోయాక ఆయన ఇక్కడికొచ్చి ఇల్లు కొనుక్కున్నారు, 1947లో పోయారు. కెనడా ప్రధానుల్లో దేశం బయట సమాధి అయినవాడు ఈయనొక్కరే.

లెదర్‌హెడ్‌లో పద్నాలుగు కమాన్ల వంతెన ఉంది. ‘ప్రిజనర్ ఆఫ్ జెండా’ రాసిన ఆంథొనీ హోప్ సమాధి ఈ ఊరి చర్చి దగ్గరే. స్టోక్ డాబర్నన్ చర్చిలో నేలమీద సర్ జాన్ డాబర్నన్ అనే యోధుడి ఇత్తడి పలక చూసి తీరాలి. కవచం గొలుసుల్లో ఒక్కో వలయం విడిగా చెక్కారు. కోబ్‌హామ్, ఈషర్ దాటాక ఇళ్లు చిక్కబడతాయి, దారి రోడ్లపాలవుతుంది. మోల్సీ దగ్గర థేమ్స్‌లో కలిసే చోట నదికి చెప్పుకోదగ్గ అందం ఏమీ లేదు.

ఈ ఊళ్లలో సమాధులను కాపాడుతున్నది పెద్ద పురావస్తు శాఖ కాదు. గడ్డి కోసేది, ఒరిగిన రాయిని నిలబెట్టేది, పేర్లన్నీ రాసి పటం గీసి చర్చిలో పెట్టేది ఎక్కువగా ఆ ఊరివాళ్లే. మనకీ అలాంటి నేలలున్నాయి. గోస్తనీ సముద్రంలో కలిసే భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. బందరులో వంశ చిహ్నాలు చెక్కిన డచ్ రాళ్లున్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు సెలవురోజున పిల్లల్ని తీసుకుని వెళ్లండి. సాయంత్రం ఎండలో పేర్లు చదవండి, నోటు పుస్తకంలో రాసుకోండి, ఫొటోలు తీయండి, సున్నం గానీ యాసిడ్ గానీ తగలనివ్వకండి. లండన్‌లో ఉన్నవాళ్లకి వాటర్లూ నుంచీ విక్టోరియా నుంచీ డోర్కింగ్‌కి రైళ్లున్నాయి. గంట ప్రయాణం.