నాలుగు డచ్చి ముక్కలు

'అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చక్కా, నువ్వేం కంగారుపడకు' అంది చెల్లెలు ఫోన్లో. నాకు ధైర్యం వచ్చింది. పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్న అమ్మ మాత్రం నెమ్మదిగా, 'మరి నాకు ఇంగ్లీషు రాదుగా!' అంది.

నిజమే. ఆ సంగతి మాకెవరికీ తట్టనే లేదు.

చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. మరిది ఉద్యోగం నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. పురుడు అక్కడే. అమ్మ ఒక్కతే అంత దూరం వెళ్లలేదు కాబట్టి ఆఫీసులో మూడు వారాలు సెలవు పెట్టి నేనూ బయల్దేరాను. తోడుగా... అంతకన్నా ముఖ్యంగా దుబాసీగా. బ్యాంకులోనైనా, డాక్టరు దగ్గరైనా అమ్మ తరఫున మాట్లాడటం నాకు అలవాటే. 'ఆవిడ నోరు తెరిచేలోపు నువ్వే చెప్పేస్తావు' అని చెల్లెలు ఎప్పుడూ దెప్పుతుంటుంది.

అయినా ఓ ఊరికి వెళ్తూ అక్కడి మాట ఒక్కటీ రాకపోతే ఏం బాగుంటుంది? ప్రయాణానికి నెల ముందు ఫోన్లో డచ్చి పాఠాలు మొదలుపెట్టాను. రోజూ రాత్రి వంటింట్లో నేను వల్లె వేస్తుంటే అమ్మ పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో వాటిని తెలుగులో రాసుకునేది.

గొంతులో ముల్లు

డచ్చి భాషలో 'జి' అక్షరం కనిపిస్తే చాలు, గొంతు సవరించుకోవాలి. 'శుభోదయం' అనాలంటే 'ఖూదెమోర్ఖె'. 'చేపముల్లు ఇరుక్కున్నట్టు ఏమిటే ఆ భాష!' అని అమ్మ పడిపడి నవ్వింది. కానీ హైదరాబాద్‌లో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి. పక్కింటి ఉర్దూ పిన్నిగారు 'ఖబర్', 'ఖుదా' అన్నప్పుడు వినిపించే 'ఖ' ఇదేనని రెండోరోజే పట్టేసింది. నేను ఇంగ్లీషు పద్ధతిలో 'డాంక్' అంటుంటే ఆవిడ 'దాంక్' అని రాసుకుంది. అదే అసలు ఉచ్చారణకు దగ్గర.

'దాంక్ యూ వెల్' అంటే ధన్యవాదాలు. అందులో 'యూ' పలకాలంటే పెదాలు 'ఊ' అన్నట్టు గుండ్రంగా పెట్టి 'ఈ' అనాలి. ఈ 'యూ'కి అర్థం 'మీరు'. చనువున్నవాళ్లతో అయితే 'దాంక్ యె వెల్'. అంటే నువ్వు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. డచ్చిలో మనలాగే మీరూ నువ్వూ ఉన్నాయని తెలిశాక అమ్మకి ఆ భాష మీద గురి కుదిరింది. 'మర్యాద తెలిసినవాళ్లే!' అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. 'అల్స్తుబ్లీఫ్త్' అనే మాట ఇంకా నచ్చింది. ఏదైనా అడిగేటప్పుడు 'దయచేసి' అని, చేతికిచ్చేటప్పుడు 'ఇదిగోనండి' అని, రెండింటికీ అదే.

అంకెల దగ్గర నాకే తల తిరిగింది. నలభై అయిదు అనరు, 'అయిదూ నలభై' అంటారు. అమ్మకేమో 'పచ్చీస్'లో అయిదు ముందు రావడం లేదూ, అలాగే కదా అనిపించిందట!

వలందపాలెం మాట

మాది బందరు. అక్కడ ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది. వలందులంటే హాలెండు వాళ్లు. 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వర్తకం మొదలుపెట్టి, మన అద్దకం బట్టల్ని ఓడలకెత్తుకుని వెళ్లిన డచ్చివాళ్లు. వాళ్ల సమాధుల తోట ఇప్పటికీ మా ఊళ్లో పురావస్తుశాఖ సంరక్షణలో ఉంది. చిన్నప్పుడు ఆ రాళ్ల మీది అక్షరాలు ఏ భాషో తెలియకుండానే వేలితో దిద్దేవాళ్లం. మా అమ్మమ్మ మరుగుదొడ్డిని 'కక్కుసు' అనేది. అది డచ్చివాళ్ల 'కక్‌హౌస్' నుంచి వచ్చిందంటారు. అమ్మకి చెబితే 'అయితే మీ అమ్మమ్మకి డచ్చి వచ్చన్నమాట!' అంది. 'ఆ ముక్క మాత్రం అక్కడ వాడకు, ఇప్పుడది మోటుమాట' అని హెచ్చరించాను.

అప్పట్లో వాళ్లు మన దగ్గరికొచ్చి దుబాసీల్ని పెట్టుకున్నారు. ఇప్పుడు మనం వెళ్తున్నాం. అంతే తేడా.

విమానాశ్రయం నుంచి గంటన్నర రైలు. దిగిన దగ్గర్నుంచీ నా డచ్చి పరీక్ష తప్పుతూనే ఉంది. దుకాణంలో నేను బెరుగ్గా 'ఖూదె...' అనగానే అవతలి మనిషి చక్కటి ఇంగ్లీషులోకి మారిపోయేవాడు. అక్కడ పదిమందిలో తొమ్మిదిమందికి ఇంగ్లీషు వచ్చంటారు. నాలుగు రోజులకే విసుగొచ్చి నేనూ ఇంగ్లీషుకే అలవాటుపడ్డాను. పనైపోతోంది కదా! అమ్మకి ఆ సౌకర్యం లేదు. ఇంగ్లీషూ డచ్చీ రెండూ ఆవిడకి సమానదూరమే. కాబట్టి పుస్తకం చూసుకుని డచ్చే మాట్లాడేది. ఎదురింటి ముసలాయన కుక్కని తీసుకుని వస్తుంటే గుమ్మంలోంచి 'ఖూదెమోర్ఖె!' అని గట్టిగా అనేది. ఆయన టోపీ తీసి పలకరించేవాడు.

ఓమా వచ్చింది

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. సుఖప్రసవం కావడంతో అదేరోజు సాయంత్రానికి ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. 'పచ్చి బాలింతని ఇంత తొందరగానా!' అని అమ్మ గుండెలు బాదుకుంది. కానీ ఆ దేశంలో ఓ మంచి ఏర్పాటుంది. దాని పేరు క్రామ్‌జోర్ఖ్. కాన్పు తర్వాత వారం రోజులపాటు శిక్షణ పొందిన నర్సు ఇంటికే వస్తుంది. పిల్ల బరువు, జ్వరం చూస్తుంది. పాలు పట్టడం నేర్పుతుంది. తల్లిని కనిపెట్టుకుంటుంది. ఇల్లు కూడా సర్దుతుంది. మన పుట్టింటి పనే, కాకపోతే బీమాలో భాగంగా.

మా ఇంటికి వచ్చినమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. మొదటిరోజు వెళ్తూ 'రేపు హాఫ్ నైన్‌కి వస్తాను' అని ఇంగ్లీషులో నాకు చెప్పింది. తొమ్మిదిన్నర అనుకున్నా. మర్నాడు ఎనిమిదిన్నరకే గంట మోగింది! అమ్మ అప్పుడే చెల్లెలికి తలంటు పోస్తోంది. డచ్చివాళ్ల 'హల్ఫ్ నేఖె' అంటే తొమ్మిదికి అరగంట తక్కువ అని. ఆమె డచ్చి లెక్కని ఇంగ్లీషులో చెప్పింది. అక్కడికి వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే రైళ్లు తప్పవు.

పిల్ల పుట్టిన ఇంట్లో అతిథులకి రస్కు మీద వెన్న రాసి, పైన పంచదార పాకం పట్టిన సోంపు లాంటి గింజలు చల్లి పెడతారు. ఆడపిల్లయితే గులాబీ రంగు, మగపిల్లాడయితే నీలం. పేరు 'మౌషెస్', అంటే చిట్టెలుకలు. బాలింతకి పాలు పడతాయని వాళ్ల నమ్మకం. అమ్మ వాసన చూసి 'సోంపే!' అంది. తను తెచ్చిన కాయం డబ్బా మూత తీసి ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. ఇక ఇద్దరికీ స్నేహం కుదిరింది. అమ్మని 'ఓమా' అని పిలవడం మొదలెట్టింది. అమ్మమ్మ అని అర్థం. వంటింట్లో ఒక్కో వస్తువూ చూపించి పేర్లు చెప్పుకునేవారు. పసుపు డబ్బా చూసి నర్సు 'ఖేల్' అంది. ఆమె చెప్పింది పసుపు రంగు అని. అమ్మ మాత్రం పసుపుకే అది పేరనుకుని పుస్తకంలో రాసుకుంది.

ఆ ఒక్క మాట

మూడోరోజు. పిల్ల పుట్టిన సంగతి మూడు రోజుల్లోగా పురపాలక కార్యాలయంలో నమోదు చేయించాలి. మరిది బయల్దేరుతుంటే, చూసొద్దామని నేనూ వెంట వెళ్లాను. చెల్లెలు నిద్రపోతోంది. ఇంట్లో అమ్మ, నర్సు, పసిపిల్ల.

మేం వచ్చేసరికి అమ్మ ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. కిటికీ దగ్గర వెలుగులో పిల్లని ఎత్తుకున్నప్పుడు కళ్లలో తేడా కనిపించిందట. పచ్చకామెర్లని ఎలా చెప్పాలి? ఫోన్ చేద్దామంటే ఆ కంగారులో నంబరు కనిపించలేదు. నర్సు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పిల్ల కన్ను చూపించి, 'ఖేల్! ఖేల్!' అందట. నర్సు వెంటనే పిల్ల చర్మాన్ని వేలితో నొక్కి చూసి, మంత్రసానికి ఫోన్ చేసింది. ఆ మధ్యాహ్నమే మడమ దగ్గర రక్తపుచుక్క తీసి పరీక్ష చేశారు. కొంచెం ఎక్కువే ఉంది, చికిత్స అవసరమయ్యేంత కాదు. పాలు ఎక్కువసార్లు పట్టమన్నారు. రెండురోజులు అందరం బిక్కుబిక్కుమంటూ గడిపాం. తర్వాత తగ్గింది.

నర్సు పిల్ల రంగుని రోజూ చూస్తుందట. అమ్మ చెప్పకపోయినా ఆ సాయంత్రానికి ఆమే కనిపెట్టేది. అమ్మ మాట వల్లే పిల్ల గట్టెక్కిందని నేను చెప్పను. కానీ నర్సు ఆరోజు పుస్తకంలో డచ్చిలో ఏదో రాసి నాకు చదివి వినిపించింది. 'పిల్ల పచ్చగా ఉందని ముందు గమనించింది ఓమా' అని. నేను లేనప్పుడు, నా మనవరాలికి బాగోలేదని అమ్మ తన నోటితో తనే చెప్పుకోగలిగింది. నేనుంటే ఏం జరిగేది? అమ్మ నాకు తెలుగులో చెప్పేది. 'కొత్తపిల్లలు అలాగే ఉంటారమ్మా' అని నేనే తీర్పు చెప్పేసేదాన్నేమో. ఎన్నిసార్లు అలా మధ్యలోనే ఆపేశానో అని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

చివరిరోజు నర్సుకి అమ్మ పెడన కలంకారీ చున్నీ పెట్టింది. 'మోయ్!' అని మురిసిపోయిందా పిల్ల. బాగుంది అని. వాళ్లు ఇలాంటి బట్టని 'సిత్స్' అంటారు. మన చీటిగుడ్డకి చుట్టమే ఆ మాట. అమ్మ 'దాంక్ యూ వెల్' అంటుంటే, నాకు 'మీరు' ఎందుకు ఓమా, 'యె' అనండి చాలు అంది నవ్వుతూ.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కాఫీ కొట్టు దగ్గర అలవాటుగా నేను ముందుకెళ్లాను. అమ్మ కొంగు దోపుకుని నన్ను పక్కకి జరిపి, 'త్వే కోఫీ, అల్స్తుబ్లీఫ్త్' అంది. రెండు కాఫీలు. కౌంటర్లో అమ్మాయి ఇంగ్లీషులోకి మారలేదు. రసీదు కావాలా అని డచ్చిలోనే అడిగింది. మూడు వారాల్లో నన్ను ఎవరూ అలా అడగలేదు.

'నే, దాంక్ యూ వెల్' అంది అమ్మ. వద్దు, ధన్యవాదాలు అని.

నేను డబ్బులు కట్టి, నోరు మూసుకుని కాఫీ అందుకున్నాను.