చంకన జున్నుతో కాలాపేటకి

“చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికెళ్లినట్టు, ఏంటమ్మా ఈ ప్రయాణం?” అని అత్తయ్య యానాం నుంచి ఫోన్లో అడిగారు. “పెళ్లికి కాదత్తయ్యా, మీ మనవరాలి దగ్గరికే” అన్నాను. అమ్మాయి కాలాపేటలో, పాండిచ్చేరి యూనివర్సిటీలో చేరి ఆరు నెలలైంది. వెళ్లిన నాటి నుంచి మా పిల్లి జున్ను అమ్మాయి గది గుమ్మంలోనే పడుకుంటోంది. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ పిల్లిని తీసుకెళ్లే దారి లేకపోయింది. సంక్రాంతి దాటాక అమ్మాయి, ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి పక్కనే పిళ్లైచ్చావడిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. “అమ్మా, రెండ్రోజులైనా తీసుకురావా” అంది.

పిల్లి ఇల్లు వదలదంటారు గానీ, అదే పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని చెప్పింది కూడా మనవాళ్లే. తిప్పుతుంది. కాకపోతే ఆ ఏడిళ్లూ తను వాసన చూసి ఎంచుకున్నవే, వేళా తనదే. అందుకే నెల ముందు నుంచి ప్రయాణం బుట్టని తలుపు తెరిచి హాల్లో ఉంచాను. అందులో అమ్మాయి పాత చున్నీ పరిచాను. మొదటి వారం దాన్ని చుట్టి వెళ్లేది, రెండో వారం తల పెట్టి చూసింది, మూడో వారానికి మధ్యాహ్నం నిద్ర అందులోనే. మెడపట్టీకి తాడు కట్టి లాగితే గొంతుకి ప్రమాదం కాబట్టి, ఛాతీ చుట్టూ పట్టేసే హార్నెస్ కొన్నాం. రేబిస్, ట్రైక్యాట్ టీకాల పుస్తకం సంచిలో వేసుకున్నాను. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు, కారులో వాంతి చేసుకోకుండా.

తెల్లవారుజామున నాలుగున్నరకి చెన్నై తిరువాన్మియూరులో ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) ఎక్కాం. ఆయన బండి నడిపారు, నేను వెనక సీట్లో బుట్ట పక్కన కూర్చున్నాను. కోవళం దాకా ఒకటే అరుపు. బుట్ట మీద తువ్వాలు కప్పి, చెయ్యి లోపల పెట్టి ఉంచాను. మెల్లగా అరుపు తగ్గి, వేళ్ల మీద గడ్డం ఆనింది.

మహాబలిపురంలో వెలుతురు వచ్చేదాకా ఆగాం. ఎన్నిసార్లు చూసినా అర్జునుడి తపస్సు దగ్గర నా కళ్లు ముందు వెళ్లేది పెద్ద ఏనుగు ముందున్న పిల్లి మీదికే. ఏడో శతాబ్దపు పల్లవ శిల్పి దాన్ని వెనక కాళ్ల మీద నిలబెట్టి, ముందు కాళ్లు తల మీదికి ఎత్తించాడు. పైన ముని ఎలా నిలబడ్డాడో కింద పిల్లీ అలాగే. చుట్టూ ఎలుకలు. భారతం ఉద్యోగపర్వంలో దొంగతపస్సు చేసి ఎలుకల్ని నమ్మించిన పిల్లి కథ ఇదేనంటారు. కథలో అది మోసగత్తే కావచ్చు. శిల్పి మాత్రం ఆ ఒంటి సాగుడుని ఎంత ప్రేమగా చూశాడో! నిద్ర లేచిన జున్ను ఒళ్లు విరుచుకునేటప్పుడు కడుపు దగ్గర వచ్చే సన్నటి వంపు ఆ రాతిలో ఉంది. జున్నుని మాత్రం కిందికి దించలేదు. అప్పటికే టూరిస్టు బస్సులు వస్తున్నాయి, రోడ్డు మీద కుక్కలున్నాయి. ఫొటో కోసం దాన్ని ఆ అలజడిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

మరక్కాణం దగ్గర ఉప్పు మళ్లు దాటి కాలాపేట చేరేసరికి ఎండ ఎక్కింది. అమ్మాయి చదివే యూనివర్సిటీ 1985లో పెట్టింది, 780 ఎకరాలు. మా యానాం వాళ్లకి మాత్రం ఇది రాజధాని చదువు. రోడ్డు మీద దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరమున్నా, రెండూ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమే కాబట్టి మా పిల్లలు గోదావరి గట్టు నుంచి ఇక్కడికి వస్తూనే ఉంటారు.

అమ్మాయి అద్దె ఇంట్లో జున్నుని ముందు ఒక్క గదిలోనే వదిలాం. ఇసుక ట్రే, నీళ్ల గిన్నె, చున్నీ ఉన్న బుట్ట. వెంటనే మంచం కిందికి పోయింది. అమ్మాయి పిలవలేదు, వంగి చూడలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. నలభై నిమిషాలు. ముందు మీసాలు బయటికొచ్చాయి, తరవాత ముక్కు. అమ్మాయి మడమ దగ్గర వాసన చూసి, నోరు సగం తెరిచి, పై పెదవి ఎత్తి అలా ఉండిపోయింది. ఇదివరకు ఇది చూసినప్పుడు అసహ్యపడిందనుకునేదాన్ని. కాదట. పిల్లికి అంగిట్లో వాసన చదివే అవయవం ఇంకొకటి ఉంది, గాలిని దాని దాకా పంపడానికి అలా నోరు తెరుస్తుంది. ఆరు నెలల హాస్టలు, బస్సులు, కొత్త సబ్బు అన్నీ ఆ మడమ మీద చదివి, చివరికి తన పిల్లే అని తేల్చుకుంది కాబోలు. ఒళ్లోకి ఎక్కి కళ్లు మూసింది. అమ్మాయి ఏడ్చింది. నేనూ.

మర్నాడు ఆరున్నరకి సముద్రం దగ్గరికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం ఇసుకలో కాలు కాలిన పిల్లి అవడం మాటవరసకి కాదు, నిజంగానే అవుతుంది. అందుకే పొద్దున్నే. ఒకప్పుడు ఇక్కడ వెడల్పాటి ఇసుక ఉండేదట. 1980ల చివర్లో పుదుచ్చేరిలో రేవు గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఇటువైపు ఒడ్డు కోసుకుపోయింది. ఇప్పుడు చాలా చోట్ల పెద్ద పెద్ద బండరాళ్లు పోసి ఉన్నాయి.

నా తప్పు అక్కడే జరిగింది. జున్ను హాయిగా కూర్చుంది కదా అని హార్నెస్ పట్టీ కొంచెం వదులు చేశాను. వెనకాల ఒక కుక్క మొరిగింది, అదే సమయానికి ఫైబర్ పడవ ఇంజను స్టార్టయింది. జున్ను ముందుకి దూకలేదు, వెనక్కి లాగింది. భుజాలు ముడిచి వెనక్కి జారితే వదులు హార్నెస్‌లోంచి క్షణంలో బయటపడుతుంది పిల్లి. తాడు నా చేతిలో ఉంది, జున్ను బండరాళ్ల సందులో ఉంది. కింద అల తగులుతోంది.

అమ్మాయి పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తబోతే, వల దగ్గర చేపలు విడదీస్తున్న ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. “కూర్చోమ్మా, నువ్వు అరిస్తే ఇంకా లోపలికి పోతుంది” అంది తమిళంలో. కుక్కని అదిలించింది. రెండు కవళ్ల చేపలు తెచ్చి రాతి మీద పెట్టి వెళ్లి తన పని చూసుకుంది. ముందు ఆ ఊరి పిల్లులు రెండొచ్చాయి, చెవులు చిరిగినవి, ఒకదానికి తోక సగమే. అవి తింటూ ఉంటే సందులోంచి జున్ను చూసింది. ఇరవై నిమిషాలకి బయటికి వచ్చింది, చేప కోసం కాదు, బుట్టలోని చున్నీ కోసం. బుట్టలోకి దూరగానే తలుపు వేశాను. ఒంటి మీద చెయ్యి పెడితే గుండె నా వేళ్లకి తగులుతోంది.

సాయంత్రం టౌనుకి వెళ్లి బీచ్ రోడ్డులో జున్నుని నడిపించాలని అమ్మాయి స్నేహితురాళ్ల కోరిక. సాయంత్రాలు అక్కడ బళ్లు ఆపేస్తారు, నిజమే, కానీ ఆ జనం! వద్దన్నాను. ఇంట్లోనే కూర్చుని వాళ్లకి కికీ కథ చెప్పాను. కికీ పుదుచ్చేరి ఆశ్రమంలో శ్రీమాత పెంచిన పిల్లి. తేలుతో ఆడుకుంటూ కుట్టించుకుంటే, దాన్ని బల్ల మీద పెట్టి శ్రీ అరవిందుల్ని పిలిచానని, ఆయన ఎదురుగా కూర్చుని దాన్నే చూస్తూ ఉంటే అది మెల్లగా తేరుకుందని ఆవిడే చెప్పారు. నయమైన సంగతి ఎలా ఉన్నా, ఒక పిల్లి ముందు అంత సేపు కదలకుండా కూర్చోవడం నాకు నచ్చుతుంది.

మూడో రోజు పొద్దున్నే హార్నెస్ సరిగ్గా బిగించి, రెండు వేళ్లు దూరేంతే ఉందో లేదో చూసి, వీధి తలుపు తెరిచి పక్కకి కూర్చున్నాం. పెద్దావిడ చేపల గంపతో వెళ్తూ, “పూనై (పిల్లి) ఇవాళ రాదా?” అంది. జున్ను గడప మీద ముందు కాళ్లు పెట్టి, గంప వైపు ముక్కు సాచింది. మూడడుగులు బయటికి వేసింది. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి లోపలికొచ్చింది. అమ్మాయి తాడు విప్పేసింది.