రామా నౌకను గూర్చి

ఆర్థర్ క్లార్క్ 1973లో ప్రకటించిన ‘రాండెవూ విత్ రామా’ అను నవలను మరల చదివితిని. 2131వ సంవత్సరమున సౌరమండలములోనికి చొచ్చుకొనివచ్చిన, ఏబది కిలోమీటర్ల పొడవుగల ఒక స్తంభాకార నౌకకు, గ్రీకు రోమను దేవతల పేరు లప్పటికే వ్యయమైపోయినవి గనుక, ఖగోళజ్ఞులు మన రాముని పేరు పెట్టిరట. సింహళమున స్థిరపడిన రచయితకు ఆ పేరు తోచుట వింత కాదు గాని, కథకు రామాయణముతో వేరు సంబంధ మేమియు లేదు.

నన్ను ముగ్ధుని గావించినవి పాత్రలు కావు. నార్టన్ సేనాని మొదలు అందరును ఇంచుమించు ఒక్క అచ్చున పోసినవారే. నాలుగు నిమిషముల కొకపరి తన చుట్టు తాను తిరుగుచు, ఆ భ్రమణముచేతనే లోపలి గోడలపై గురుత్వమును కల్పించుకొను ఆ బోలు లోకములో, నేల ఇరుప్రక్కల పైకి లేచి నెత్తిమీద కలిసికొనుటయు, నడుమ గడ్డకట్టిన సముద్ర మొకటి వడ్డాణమువలె చుట్టుకొనియుండి, సూర్యుని సమీపించుకొలది అడుగునుండి కరుగుటయు, ఆ వేడిమికి గాలి కదలి పెనుతుఫాను లేచుటయు, మంత్రతంత్రముల పని లేకయే, ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రముతో పొసగునట్లు క్లార్క్ నిర్మించెను.

తుదకు ఆ నౌక సూర్యునినుండి శక్తిని గ్రహించి, మనుష్యజాతిని పలుకరింపకయే, పెద్ద మెగల్లన్ మేఘము దిక్కుగా సాగిపోవును. కొందరు మిత్రులకు ఇది అసంపూర్తిగా తోచినది. నాకు మాత్రము ఆ ఉపేక్షయే నవలకు ప్రాణము. 1989 మొదలు జెంట్రీ లీతో కలిసి వెలువరించిన అనుబంధ నవలలలో ఆ రహస్యమును విప్పబూనిరి గాని, వానిని చదువుమని నే నెవ్వరికిని చెప్పను.