నాలుగు రోజులు మానేస్తే చాలదు

టర్మ్ పాలసీ ప్రపోజల్ ఫారంలో ఒక ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. గత 12 నెలల్లో పొగాకు వాడారా? కోటి రూపాయల కవర్‌కి పొగ తాగనివాళ్లకు ఏడాదికి 14 వేలు, తాగేవాళ్లకు 23 వేలు చెప్పారు. నేను అప్పటికి రోజూ తాగేవాణ్ణి.

"ల్యాబ్‌వాళ్లు వచ్చేలోపు నాలుగు రోజులు ముట్టుకోకు, నీళ్లు బాగా తాగు, అంతా పోతుంది" అన్నాడు ఆఫీసులో ఒక మిత్రుడు. రక్తంలో నికోటిన్ రెండు గంటల్లోనే సగానికి తగ్గే మాట వాస్తవం. ల్యాబ్ వెతికేది మాత్రం కాలేయం దాన్ని మార్చగా వచ్చే కోటినిన్‌ని. అది సగమవడానికే 16 గంటల పైన పడుతుంది. రోజూ తాగేవాళ్ల మూత్రంలో వారం దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం కనిపిస్తుంది. నిమ్మరసం తాగితే కాలేయం తొందరపడదు. గుట్కా, ఖైనీ, చివరికి మానడానికి నమిలే నికోటిన్ గమ్ అయినా పరీక్షలో తేలేది ఆ కోటినినే.

సరే, పరీక్ష గట్టెక్కిందనుకుందాం. ఫారం మీద సంతకం నాది, క్లెయిమ్ కోసం తిరిగేది నా భార్య. గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరితే డాక్టరు ముందుగా అడిగేవాటిలో సిగరెట్ అలవాటు ఒకటి, ఆ జవాబు కేస్‌షీట్‌కి ఎక్కుతుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు ఇలాంటి ముఖ్యమైన విషయం దాచినట్టు తేలితే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు, అదీ చట్టమే. కానీ మూడేళ్లు తప్పకుండా బతుకుతానన్న భరోసా ఉన్నవాడికి ఇవాళే పాలసీ ఎందుకు?

తాగుతానని రాసి 23 వేలు కట్టాను. ఆ అంకె ఏటా కళ్లముందుకు రావడం నాకు మేలే చేసింది. ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేసి, వాళ్ల సాయంతో మానేశాను. మానేసి ఏడాది దాటాక కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టి, పాత అలవాటూ మానిన నెలా రెండూ రాశాను. వయసు పెరిగింది కాబట్టి 14 కాదు, 17 వేలు పడింది. కొత్త బాండ్ చేతికొచ్చేదాకా పాతదాన్ని ఆపలేదు. కొత్తదానికి మూడేళ్ల లెక్క మళ్లీ మొదటినుంచే. ఫారంలో ప్రతి జవాబూ నిజమే గనక, ఆ లెక్కకు భయపడకుండా పాత పాలసీ ఆపేశాను.