గాజులు అమ్మక్కర్లేని మందు

ఖరీదెక్కువైతే మందు కూడా గొప్పదే అయి ఉంటుందని మీరూ అనుకుంటారు కదూ? పట్టుచీరల సంగతేమో గానీ, మందుల విషయంలో నాకా భ్రమ ఎలా పోయిందో చెబుతాను వినండి.

2006లో ఎల్లారెడ్డిలో ఉండే మా అన్నకి బైపాస్ చెయ్యాలన్నారు. అన్నా వదినా బస్సులో కామారెడ్డి వచ్చి, ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, మర్నాడు హైదరాబాద్ రైలెక్కారు. నేనూ వెంట వెళ్లాను. ఆపరేషన్‌కి ముందురోజు మత్తు డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "రక్తం ఎక్కువ పోకుండా మందు ఎక్కిస్తామమ్మా. అప్రోటినిన్ అని ఒకటుంది, చాలా ఖరీదు. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఇంకొకటి, చవక. మేం ఈ చవకదే వాడతాం."

ఆ పేరు వినగానే ఉలిక్కిపడ్డాను. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందంటే కామారెడ్డి డాక్టరమ్మ నాకు రాసిచ్చిన మాత్ర అదే! నోరూరుకోక ఆ మాట పైకి అనేశాను. అంతే, వదిన చేతి గాజులు తీసేసింది.

"ఆడోళ్ల గోలీ ఆయనకెందుకు సారూ? ఇవి అమ్ముత గని, పెద్ద మందే ఎయ్యుండ్రి" అంది కళ్లొత్తుకుంటూ.

డాక్టరుగారు విసుక్కోలేదు. ఆపరేషన్‌లో రక్తాన్ని మిషన్ గొట్టాల్లో తిప్పుతారట. దాంతో గడ్డకట్టిన రక్తాన్ని మళ్లీ కరిగించే గుణం ఒంట్లో పెరుగుతుందట. "తోడుకుంటున్న పెరుగులో గరిటె పెట్టి తిప్పితే పేరుకుంటుందా? ఈ మందు ఆ గరిటెని పట్టి ఆపుతుంది. గాజులు తొడుక్కోమ్మా" అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ 'చవక మందు' అన్న ముల్లు వదిన మనసులో ఉండిపోయింది.

2008లో కెనడా పరిశోధన వివరాలు బయటికొచ్చాయి. ప్రమాదం ఎక్కువున్న గుండె ఆపరేషన్ల వాళ్లు 2,331 మందికి అప్రోటినిన్, ట్రానెక్సామిక్, అమైనోకాప్రోయిక్ మందుల్లో ఏదో ఒకటి ఇచ్చి చూశారు. విపరీతంగా రక్తం పోవడం ఖరీదైన అప్రోటినిన్‌తో కాస్త తగ్గిన మాట నిజమే. కానీ నెల తిరిగేలోగా చనిపోయినవాళ్లు దాంతో నూటికి 6 మంది, మిగతా రెండింటితో సుమారు 4. అందుకే పరిశోధనని 2007లోనే మధ్యలో ఆపేశారు. ఆ ఏడే కంపెనీ దాని అమ్మకాలూ నిలిపేసింది. ఆ లెక్కల్లో లోపాలున్నాయని 2012లో యూరప్ మందుల సంస్థ కొద్దిమంది రోగులకి మళ్లీ అనుమతించమంది. అయినా నాకర్థమైంది ఒకటే: రక్తం ఆపడం వేరు, మనిషిని నిలబెట్టడం వేరు.

ఇంకో ముచ్చట. ఆ 'ఆడోళ్ల గోలీ'ని 1962లో లోకానికి చెప్పింది జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో అనే ఆవిడ, ఆమె భర్త. కాన్పులో రక్తం పోయి తల్లులు చనిపోకూడదన్నదే ఆవిడ తపన. 2017లో 20,060 మంది బాలింతలతో చేసిన పరిశోధనలో, కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తే ఈ మందు ప్రాణాలు కాపాడుతుందని తేలింది. అప్పటికావిడ కాలం చేసి ఏడాదయింది!

చవక కదా అని సొంతంగా కొని మింగేరు సుమా! రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకి ఇది పడదు. గుండె ఆపరేషన్లో మోతాదు ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే వాళ్లు వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడేవి, డాక్టరుకి చూపించండి. ఏది ఎప్పుడు ఆపాలో ఆయనే చెబుతారు. "ఎంత ఖరీదు?" అని కాదు, "ఇదే ఎందుకు?" అని అడగండి.

అన్న ఇప్పటికీ పొద్దున్నే చెరువుకట్ట మీదికి నడుస్తాడు. గాజులంటారా? వదిన కోడలి చేతికి తొడిగింది.