కరెంటు పని విద్య కాదా?

మనలో చదువుకొన్న కుటుంబములవారికి ఒక విచిత్రమైన మర్యాద కలదు. ఇంటికి దీపము పెట్టవచ్చిన పనివానికి కుర్చీ చూపరు. ఆ దీపముక్రింద కూర్చుండి చదివి పరీక్షలో నెగ్గిన పిల్లవానికి పూలదండ వేయుదురు. దీపమాఱిపోయిన రాత్రి మాత్రము ఆ పనివానికే పదిమారులు ఫోను చేసి, "బాబూ, కొంచెం త్వరగా రావయ్యా" యని బతిమాలుకొందురు. వెలుగు వచ్చినతోడనే ఆ మర్యాద ఆఱిపోవును.

ఈ చిన్నచూపునకు వేళ్లు లోతుగా నున్నవి. బాల్యమున నేను అమరకోశము వల్లించితిని. కారువు, శిల్పి మున్నగు చేతిపనివారి పేర్లు అందు ద్వితీయకాండమున శూద్రవర్గములో చేర్పబడినవి. పదము నేర్చుకొను పసివాడు ఆ పదమునకు సంఘము వేసిన పీటనుగూడ తనకు తెలియకుండనే నేర్చుకొనును. తరువాత ఆంగ్లము చదివితిని. ఆ చదువు వర్గము పేరెత్తలేదు గాని, చొక్కా నలగని కొలువే కొలువని నేర్పినది. వేర్వేఱు భాషలలో రెండును ఒకే పాఠము చెప్పినవి.

అయినను ఆ విద్యుచ్ఛాస్త్రమును మనకిచ్చినవారు ఎట్టి యిండ్లలో పుట్టిరో చూడుడు. నేడు ప్రతి బాలుడును వల్లించు సూత్రమును 1827లో ప్రకటించిన ఓమ్ అను జర్మను పండితుడు తాళములు చేయువాని కుమారుడు; నావలె బడిపంతులుగా నుండినవాడు. అయస్కాంతముచే విద్యుత్తును పుట్టింపవచ్చునని 1831లో కనుగొనిన ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున ఏడేండ్లు పని నేర్చినవాడు. వీరి సూత్రములను పిల్లలచే వల్లింపజేసి, వానిని చేతితో నిజము చేయువానిని మనము గుమ్మమువద్ద నిలుపుచున్నాము!

ఈ పనిలో విద్య యేమున్నదని యడుగువారు కలరు. మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. 40 వాట్ల బల్బు వెలుగుటకు సుమారు 174 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కావలయును. ప్రాణరక్షణకై నేడు ఇండ్లలో అమర్చు పరికరమో, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే కరెంటును ఆపివేయునట్లు చేయబడును. అనగా, చిన్న బల్బును సరిగా వెలిగింపజాలని ప్రవాహముకూడ మనుష్యుని ప్రాణము తీయగలదు. ఇంత సన్నని గీటుమీద నడుచు పనికి విద్య అక్కఱలేదందుమా?

మఱియొకటి. దీపపు స్విచ్చిని ఫేజు తీగలో పెట్టవలయును. తెలియనివాడు దానిని న్యూట్రల్ తీగలో పెట్టినను దీపము చక్కగా వెలుగును, చక్కగా ఆఱును. యజమాని సంతోషించి కూలి యిచ్చి పంపును. కాని స్విచ్చి ఆపియున్నను హోల్డరులో కరెంటు నిలిచియే యుండును. ఏడాదికో రెండేండ్లకో బల్బు మార్చబోయిన యిల్లాలి చేతికి ఆ తప్పు తగులును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి తీగ చుట్టువాడును ఇట్టివాడే. అప్పుడు ఫ్యూజు పోదు, గోడలోని తీగ కాలును. వ్యాకరణము తప్పినవానిని చూచి పండితులు నవ్వుదురు. ఇచ్చట తప్పు ఒకరిది, శిక్ష మఱియొకరిది.

ఈ పనిలో ప్రవేశించుటకు మన ప్రాంతములలో రెండు దారులున్నవి. మొదటిది ఐ.టి.ఐ. 1950లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన శిక్షణ పద్ధతిలోనిది యిది. పదవతరగతి నెగ్గినవారు ఎలక్ట్రీషియను కోర్సును రెండేండ్లు చదువవచ్చును. బాలికలకును ప్రవేశము కలదు. పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టముక్రింద కర్మాగారములలో భృతి పొందుచు పని నేర్చుకొనవచ్చును. రెండవది మేస్త్రి వెంట తిరుగుట. గోడకు గాడులు తీయుట, గొట్టములలో తీగలు లాగుట, నిచ్చెన పట్టుకొనుట, టీ తెచ్చుట - ఇదియే మొదటి రెండేండ్ల చదువు.

ఈ రెండు దారులును దేనికది కుంటిదే. ఐ.టి.ఐ.లో సూత్రము వచ్చును గాని, చేతికి అలవాటు చాలదు. మేస్త్రియొద్ద అలవాటు వచ్చును గాని, కారణము తెలియదు. మండలకేంద్రములలోని మోటారు వైండింగు దుకాణములలో ఈ సంగతి కన్నులార చూడవచ్చును. పొలములలోని మోటారులకు మూడు ఫేజులు కావలయును. ఒక ఫేజు పోయినచో, నడుచుచున్న మోటారు మిగిలిన రెంటిమీదనే బరువు లాగి, వేడెక్కి, లోని చుట్టలు కాలును. కుఱ్ఱవాడు కాలిన రాగితీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, క్రొత్తతీగ అందముగా చుట్టును. ఎందుకు కాలెనో తెలిసినవాడు రైతుతో, "స్టార్టరుకు ఫేజు పోయినప్పుడు ఆపే సాధనం పెట్టించు" మని చెప్పును. తెలియనివాడు వచ్చు వేసవిలో ఆ మోటారునే మరల చుట్టును. రైతు మరల అప్పుచేయును. క్రొత్తగా ఈ వృత్తిలో దిగు పిల్లలకు నేను చెప్పున దొక్కటే: పుస్తకముతో మొదలుపెట్టినవాడు మేస్త్రిని వెదకికొనవలెను, మేస్త్రితో మొదలుపెట్టినవాడు పుస్తకమును వెదకికొనవలెను.

రెండేండ్లక్రిందట, పదవతరగతి మంచి మార్కులతో నెగ్గిన నా శిష్యుడొకడు ఎలక్ట్రీషియను కోర్సులో చేరుదునని పట్టుపట్టెను. గుమాస్తాపని చేయు తండ్రి నాయొద్దకు వచ్చెను.

"మాస్టారూ, వాడికి మీరంటే గురి. ఇంటరులో చేరమని ఒక్కమాట చెప్పండి. నిచ్చెన భుజాన వేసుకుని ఇళ్లవెంట తిరిగేవాడికి పిల్లనెవరిస్తారు?"

"వాళ్లు భయపడేది నిచ్చెనను చూచి కాదండీ, మీ ముఖం చూచి. కన్నతండ్రే సిగ్గుపడుతుంటే పరాయివాళ్లెందుకు ధైర్యం చేస్తారు?" అంటిని.

ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు గొంతు తగ్గించి, "అది కాదండీ. మా పెదనాన్నగారి అబ్బాయి పొలంలో మోటారు వేయబోయి స్టార్టరు దగ్గరే పోయాడు. వీడు టెస్టరు పట్టుకుంటే నాకు వాడే కనబడతాడు" అనెను.

సిగ్గు వెనుక దాగిన ఆ భయమునకు నేను నమస్కరించితిని. అది పిల్లవానిపై ప్రేమయేగదా. అయినను ఇట్లంటిని: "మీవాడు ఇప్పటికే ఇరుగుపొరుగుల మిక్సీలు విప్పుతున్నాడు. మీరు వద్దన్నా కరెంటును ముట్టుకోక మానడు. తెలియక ముట్టుకోవడంకంటె తెలిసి ముట్టుకోవడం మేలు గదా? మీ అన్నగారిని చంపింది కరెంటు పని కాదు. ఆ పని తెలిసినవాడు ఆ పొలానికి రాకపోవడం."

పిల్లవాడు చేరెను. ఈయేడు కోర్సు ముగించెను. మొన్న తన యింటి బోర్డులనే విప్పి చూడగా, దేవునిగదిలోని దీపపు స్విచ్చి న్యూట్రల్‌లో నున్నదట. ఇరువదియేండ్లుగా ఆ తల్లి తడిచేతులతో వేసి ఆపుచున్న స్విచ్చి యది. వాడు దానిని సరిచేసెను. తండ్రి బంధువులతో నేటికిని "మావాడు టెక్నికల్ చదివాడు" అనియే చెప్పుచున్నాడు గాని, ఎలక్ట్రీషియను అను మాట ఇంకను నోట రాలేదు. రాగలదని నా నమ్మకము.

ఈ వృత్తి పూలపాన్పని నేననను. వేసవిలో రేకులక్రింద పని, ఎత్తునుండి పడు భయము, పని ముగిసినపిమ్మట కూలికై నాలుగుమారులు తిరుగుట - ఇవి యన్నియు నున్నవి. వీనిలో తుదిదానిని మనము తలచుకొన్న నేడే తీర్పవచ్చును. తీగలు వేయు పనిని ప్రభుత్వ లైసెన్సుగల కాంట్రాక్టరు, అర్హతాపత్రము గలవారి పర్యవేక్షణలో చేయింపవలెనని నియమము కలదు. పట్టుచీర కొనునప్పుడు జరీ గీచి చూతుము. ప్రాణములప్పగించు పనికి మాత్రము ఎవడు తక్కువ కడిగిన వాడే నేర్పరి. తెలిసినవానికిని తెలియనివానికిని ఒకే కూలి యిచ్చుచుండ, రెండేండ్లు కష్టపడి తెలిసికొను వాడెవడు?

చదువరులారా! మీ యింటికి ఈసారి కరెంటు పనివాడు వచ్చినప్పుడు, వాని పర్మిటు అడుగుడు. ఉన్నచో అడిగిన కూలి యిచ్చి, కుర్చీ వేయుడు. ఆ పని చేయుచుండగా మీ పిల్లలను ప్రక్కన నిలిపి, ఏది యెందుకు చేయుచున్నాడో వానినే చెప్పుమనుడు. ఆ పిల్లలలో ఒకరు రేపు ఆ పనియే నేర్చుకొందు ననినచో, చిన్నబోకుడు. మంచి బడి యెక్కడ, మంచి మేస్త్రి యెవడు అని విచారింపుడు.